మొరం తీసే నెలలు, గుడ్లు పెట్టే నెలలు



నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్ చుట్టుపక్కల ఊళ్లలో కొత్త ఇల్లు లేపాలంటే ముందు పునాది గోడల మధ్య మొరం నింపాలి. పసుపు చేనుకు ట్రాక్టరు పోవాలంటే బాట మీద మొరం పరవాలి. సీసీ రోడ్డుకు అడుగున, కల్వర్టుకు అటూ ఇటూ, గుడి ముందటి జాగా ఎత్తు చేయడానికి, అన్నింటికీ మొరమే. గల్ఫ్ దేశాల్లో ఏళ్లకేళ్లు కష్టపడి మన పిల్లలు పంపిన పైసలతో లేచిన ఇళ్ల కింద ఉన్నది కూడా ఈ ఎర్రటి గులకమట్టే. పెద్దపల్లి–నిజామాబాద్ రైలు మార్గం ఆర్మూర్, మోర్తాడ్‌ల మీదుగా 2017లో పూర్తయింది. ఆ మార్గంలో బండి ఎక్కి కిటికీలోంచి కట్ట వైపు చూస్తే, దాని కింద ఎంత మట్టి పడి ఉంటుందో ఎవరికైనా అర్థమవుతుంది. కాబట్టి మొరం తీయొద్దని నేను ఈ రోజు చెప్పబోవడం లేదు. మొరం తీసే నెలల గురించి మాట్లాడతాను. ఆ నెలల్లోనే, ఆ మొరం మీదనే గుడ్లు పెట్టే పిట్టల గురించి మాట్లాడతాను.

మన ప్రాంతంలో పసుపు తవ్వకం జనవరిలో మొదలై మార్చి దాకా సాగుతుంది. ఉడకబెట్టి, ఆరబెట్టి, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేర్చాక రైతు చేతిలో నాలుగు పైసలు ఆడతాయి. ఆగిపోయిన ఇంటి పని అప్పుడే మళ్లీ మొదలవుతుంది. మార్చి నెలాఖరుకు బిల్లులు పెట్టాలని ప్రభుత్వ పనులు ఉరుకుల మీద నడుస్తాయి. వాగు ఎండిపోయి బండ్లు దిగడానికి వీలవుతుంది. యాసంగి వరి కోతలు అయ్యాక ట్రాక్టర్లన్నీ ఖాళీ. మృగశిర కార్తె వచ్చి నేల తడిసేలోపు పని ముగించాలన్న తొందర అందరిదీ. ఇలా ఫిబ్రవరి నుంచి జూన్ మొదటి వారం దాకా మొరం గుట్టల దగ్గర జేసీబీలకు తీరిక ఉండదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే తీతువు గుడ్లు పెడుతుంది.

తీతువు మీ అందరికీ తెలిసిన పిట్టే. కంటి ముందు ఎర్రటి తోలు ఉన్నది ఒక రకం, ముక్కు పక్కన పసుపుపచ్చ తోలు వేలాడేది మరో రకం. ఎర్రది వాగుల దగ్గర, చెరువు శిఖాల్లో తిరుగుతుంది. పచ్చది నీటికి దూరంగా, గడ్డి కూడా సరిగా మొలవని మొరం నేలల మీద ఉంటుంది. ఈ రెండూ పుల్లలు తెచ్చి గూడు అల్లవు. నేల మీద అరచేతంత గుంట చేసుకుని, చుట్టూ నాలుగు గులకరాళ్లు పేర్చి, మూడో నాలుగో గుడ్లు పెడతాయి. గుడ్డు మీద మచ్చలు మొరం రంగులోనే ఉంటాయి. పక్కనే నిలబడి చూసినా మనకు కనిపించదు. ఇక జేసీబీ మీద కూర్చున్న మనిషికి ఎట్లా కనిపిస్తుంది?

ఏప్రిల్, మే నెలల్లో నిజామాబాద్ జిల్లా ఎండ ఎట్లా ఉంటుందో నేను చెప్పనక్కర లేదు. ఆ ఎండలో గుడ్డును వెచ్చగా ఉంచడం కాదు, చల్లగా ఉంచడమే తల్లిదండ్రుల పని. పిట్ట నీటి దగ్గరికి పోయి, పొట్ట కింది ఈకలు తడుపుకుని, తిరిగొచ్చి ఆ తడి ఈకలతో గుడ్ల మీద కూర్చుంటుంది. మగది, ఆడది వంతులు వేసుకుంటాయి. పిల్లలు బయటికి రావడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. నడిమధ్యాహ్నం ఒక ట్రాక్టరు వచ్చి ఆ గుంట పక్కనే ఆగి, లోడు నిండేదాకా కదలకపోతే, చక్రం కింద పడకపోయినా ఆ గుడ్లు ఎండకే ఉడికిపోతాయి. రాత్రిపూట తీతువు అరిస్తే కీడని పెద్దలు భయపడేవాళ్లు. అది అరిచేది గుడ్ల దగ్గరికి ఎవరో వస్తున్నారని. మన గుట్టల మీద ఈ పిట్ట రాత్రీ పగలూ అరుస్తున్నదంటే అక్కడ ఏం జరుగుతున్నదో ఒకసారి పోయి చూడాలి.

పసరిక పిట్టది ఇంకో తీరు. ఆకుపచ్చగా, సన్నగా, తోక నుంచి రెండు పొడవాటి ఈకలు బయటికి పొడుచుకుని, కరెంటు తీగల మీద కూర్చుని తూనీగలను పట్టే పిట్ట. అది నిలువుగా కోసినట్టున్న మట్టి గోడలో ముక్కుతో తొలిచి, మనిషి చెయ్యి అందనంత లోతు బొరియ చేసి, చివరన గుడ్లు పెడుతుంది. పూర్వం వాగు ఒడ్లు వరదకు కోసుకుపోయి అలాంటి గోడలు ఏర్పడేవి. ఇప్పుడు మొరం తవ్విన గుంతల్లో అంతకంటే ఎక్కువ గోడలున్నాయి. అందుకే పసరిక పిట్టలు మన గుంతల్లోకే వచ్చి చేరుతున్నాయి. మనం తవ్వడం వల్లనే దానికి ఇల్లు దొరికింది, మనం తవ్వడం ఆపనందువల్లనే ఆ ఇల్లు కూలుతుంది. జనవరిలో తవ్వి వదిలిన గోడలో మార్చికి బొరియలు పడతాయి. ఏప్రిల్‌లో యంత్రం మళ్లీ అదే గోడ దగ్గరికి వస్తుంది, ఎందుకంటే బాట అక్కడిదాకా ఉంది. ఆ ఒక్క గోడను వర్షాల దాకా వదిలేసి పక్క వైపు నుంచి తవ్వితే మొరానికి ఏ లోటూ రాదు. ఇది ఖర్చులేని పని. చెప్పేవాళ్లు లేక జరగడం లేదు.

వాగులో సంగతి చూడండి. కప్పలవాగు, పెద్దవాగు వేసవిలో ఎండి ఇసుక, గులకరాళ్లు బయటపడినప్పుడు ఆ రాళ్ల మధ్య చిన్న ఉల్లంకి జాతి పిట్ట ఒకటి గుడ్లు పెడుతుంది. మెడకు నల్లటి పట్టీ, కంటి చుట్టూ పసుపు వలయం. పిడికిలంత కూడా ఉండదు. ఈ పిట్ట కథలో ఒక చిత్రమైన మలుపు ఉంది. ఇదే జాతి ఇంగ్లండులో 1938 వరకు గుడ్లు పెట్టినట్టు దాఖలాయే లేదు. ఆ ఏడు ఒక జలాశయం దగ్గర మొదటిసారి పెట్టింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అక్కడ ఇళ్ల కోసం, రోడ్ల కోసం గులకరాయి విపరీతంగా తవ్వారు. ఆ తవ్విన గుంతల్లోనే ఈ పిట్ట దేశమంతా వ్యాపించింది. నాటింగ్‌హామ్ దగ్గర అటెన్‌బరో అనే చోట 1929 నుంచి గులకరాయి తీసిన గుంతలు నీళ్లతో నిండి, 1966 నాటికి పక్షుల రక్షిత ప్రాంతంగా మారాయి. అంటే గులకరాయి తవ్వడానికీ పిట్టకూ పుట్టు పగ ఏమీ లేదు.

అయితే ఇంగ్లండు కథను తెచ్చి మన గుట్టలకు అతికించలేం. అక్కడ గుంతలో నీళ్లు నిండితే బాతులు, నీటికోళ్లు వచ్చాయి. మన దగ్గర గుంతలో నీళ్లు నిండితే బడి పిల్లలు ఈతకు పోయి మునిగిన వార్తలు వస్తాయి. పైగా నీటి పిట్టలకు మన జిల్లాలో కొదవ లేదు. చెరువులున్నాయి, శ్రీరాంసాగర్ ప్రాజెక్టు ఉంది. చలికాలంలో ప్రాజెక్టు వెనుక నీళ్ల దగ్గరికి వచ్చే వలస పక్షులను చూడటానికి జనం కెమెరాలు పట్టుకుని పోతారు. ఆ శ్రద్ధ మంచిదే. గుట్ట మీది తీతువు కోసం, కౌజు కోసం, భరతపిట్ట కోసం పోయేవాళ్లు కనిపించరు. మనం పోగొట్టుకుంటున్నది నీటి పిట్టలను కాదు, ఎండిన నేల పిట్టలను.

దీనికి ఒక కారణం ప్రభుత్వ లెక్కల్లోనే ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో దేశమంతటి బంజరు భూముల పటాలు తయారుచేసింది. అందులో పొదలున్న నేల, రాళ్లు తేలిన నేల, రెండూ బంజరు కిందనే లెక్క. ఒక నేలను బంజరు అని రాసుకున్నాక అక్కడ ఏం తవ్వినా నష్టం రాసే గడి ఉండదు. కానీ 2023లో వెలువడిన భారత పక్షుల స్థితిగతుల నివేదిక చూస్తే, బాగా తగ్గిపోతున్నవాటిలో ఇలాంటి బయలు నేలల మీద బతికే పక్షులే ముందున్నాయి. మన రాష్ట్ర పక్షి పాలపిట్ట కూడా ఆ తగ్గుదలలో ఉంది. దాని పరిస్థితిని అంతర్జాతీయంగా మళ్లీ అంచనా వేయాలని ఆ నివేదిక సిఫారసు చేసిన 14 జాతుల్లో అదొకటి. పాలపిట్ట గూడు పెట్టేది చెట్టు తొర్రలోనే. కాని దాని తిండి, మిడతలూ పురుగులూ, ఈ బయలు నేలల మీదనే దొరుకుతుంది. దసరా నాడు ఊరి పొలిమేరకు పోయి పాలపిట్టను చూసి రావాలని మనకు ఆనవాయితీ. ఆ పొలిమేరలోనే మొరం గుంతలున్నాయి.

తవ్వకానికీ పిట్టకూ మధ్య దారి దొరుకుతుందా అని అడిగేవాళ్లకు నేను కలివికోడి సంగతి చెబుతాను. ప్రపంచంలో తెలుగు నేల మీద తప్ప మరెక్కడా ఉన్నట్టు ఇప్పుడు తెలియని పక్షి అది. పంతొమ్మిదో శతాబ్దంలో జెర్డాన్ అనే వైద్యుడు దాన్ని మొదట కనుగొన్నాడు. ఆ రోజుల్లో గోదావరి లోయలో సిరోంచ, భద్రాచలం ప్రాంతాల్లో కూడా చూసినట్టు రాతలున్నాయి. సిరోంచ అంటే కాళేశ్వరానికి అవతలి ఒడ్డు. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక మళ్లీ ఎవరికీ కనిపించలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర, బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ వెతుకుతుండగా, ఆ పిట్ట ఎక్కడ తిరుగుతుందో ఎరిగిన ఒక స్థానికుడు రాత్రిపూట దాన్ని పట్టి తెచ్చాడు. ఆ తర్వాత అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

అసలు విషయం 2005లో జరిగింది. తెలుగుగంగ కాలువ పనుల కోసం యంత్రాలు కలివికోడి తిరిగే పొదల నేలలోకి వచ్చి తవ్వడం మొదలుపెట్టాయి. అక్కడ పనిచేస్తున్న పక్షి పరిశోధకులు అది చూసి అటవీశాఖకు చెప్పారు. పని ఆగింది. విషయం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్లింది. చివరికి కాలువను రద్దు చేయలేదు, దాని దారి మార్చారు. ఆ పిట్ట ఎక్కడ ఉందో ఎవరికో ఒకరికి కచ్చితంగా తెలిసి ఉండటం వల్లనే అది సాధ్యమైంది. ఎట్లా తెలిసింది? పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, పొద్దున్నే పోయి అడుగుల జాడలు చూసేవాళ్లు. మెత్తటి మట్టి పరవడానికి కోట్లు అక్కర లేదు. మన గుట్టల మీద కూడా ఎవరో ఒకరు చూసి, రాసి పెట్టాలి. మేకలు కాసేవాళ్లకు, ట్రాక్టరు నడిపేవాళ్లకు ఇవన్నీ తెలుసు. కానీ వాళ్లను అడిగి కాగితం మీద పెట్టినవాళ్లు లేరు.

మీలో కొందరు ఇప్పటికే అనుకుంటూ ఉంటారు, మార్చి నుంచి జూన్ దాకా ఆపేసి చలికాలంలోనే మొరం తీసుకుంటే సరిపోతుంది కదా అని. చాలా గుట్టలకు సరిపోతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపల తీసి, రోడ్డు పక్కన, పంచాయతీ జాగాలో కుప్ప పోసి పెట్టుకుంటే వేసవిలో వాడుకోవచ్చు. కానీ కొమ్ముల గుడ్లగూబ ఉన్న చోట ఈ లెక్క తిరగబడుతుంది. అది రాతి గుట్టల్లో, బండల సందుల్లో, మట్టి చరియల గట్ల మీద ఉంటుంది, గుడ్లు పెట్టేది చలికాలంలో. నవంబర్‌లో మొదలై ఏప్రిల్ దాకా దాని పిల్లలు చరియ మీదనే ఉంటాయి. పుణె చుట్టుపక్కల జరిగిన అధ్యయనాల్లో దాని తిండిలో పెద్ద భాగం ఎలుకలు, పందికొక్కులే అని తేలింది. వరి, మక్క, పసుపు వేసే రైతుకు ఇంతకంటే మేలు చేసే పిట్ట లేదు. దాని మీద మనకున్న అపశకునం భయం దానికి చాలా కీడు చేసింది. గుడ్లగూబ ఉన్న బండల వైపు మాత్రం ఏ నెలలోనూ యంత్రం పోకూడదని నా అభిప్రాయం. మొరం అక్కడే ఉండదు, పక్కన దిగువన వాలులో దొరుకుతుంది.

లింబాద్రి గుట్ట మీద నరసింహస్వామి ఉన్నాడు కాబట్టి, కార్తీకంలో జాతర సాగుతుంది కాబట్టి, ఆ గుట్ట మీదికి జేసీబీ పోతుందని ఎవరూ ఊహించరు. ఆర్మూర్ సిద్ధుల గుట్టను కూడా అంతే పవిత్రంగా చూస్తాం. దేవుడు లేని గుట్టల సంగతి అది కాదు. వాటికి చాలాసార్లు పేరు కూడా ఉండదు, సర్వే నంబరు ఒక్కటే ఉంటుంది. మన జిల్లా పత్రికల్లో అక్రమ మొరం తవ్వకాల వార్తలు వచ్చినప్పుడల్లా కనిపించేవి ఈ పేరులేని గుట్టలే.

చట్టం లేక కాదు. చిన్న ఖనిజాల తవ్వకానికి, అది 5 హెక్టార్ల లోపు అంటే సుమారు 12 ఎకరాల లోపు అయినా, పర్యావరణ అనుమతి ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో చెప్పింది. రోడ్లు, రైలు మార్గాల కోసం తీసే మట్టికి అనుమతి అక్కర లేదని 2020 మార్చిలో కేంద్రం ఇచ్చిన మినహాయింపును 2024 మార్చి 21న అదే కోర్టు కొట్టేసింది. రక్షిత పక్షుల గుడ్లను, గూళ్లను పాడుచేయడం కూడా 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం వేట కిందికే వస్తుంది. ఇన్ని ఉన్నా రాత్రిపూట టిప్పర్లు తిరుగుతున్నాయంటే లోటు కాగితంలో లేదు.

నేను ఎక్కువ ఆశ పెట్టుకున్నది ఊరి మీద. ఆర్మూర్ ప్రాంతంలో గ్రామాభివృద్ధి కమిటీల మాటకు ఎంత బలం ఉందో మీకు తెలుసు. ఆ బలాన్ని సాంఘిక బహిష్కరణలకు వాడిన సందర్భాలు ఉన్నాయి, అవి తప్పు. అదే బలంతో చెరువులు బాగుచేసుకున్న ఊళ్లూ ఉన్నాయి. మా ఊరి ఫలానా గుట్టలో మార్చి ఒకటి నుంచి వానలు పడేదాకా మొరం తీయొద్దు అని గ్రామసభలో తీర్మానం రాయించడం ఆ ఊళ్లకు కష్టం కాదు. కాకపోతే ఒక పని ముందు జరగాలి. ట్రాక్టరు మీద బతికేవాళ్లతో దసరా ముందే కూర్చుని మాట్లాడాలి. కిస్తీ కట్టాల్సిన మనిషికి ఏప్రిల్‌లో పని ఆపమంటే ఆపడు, ఆపమనడం న్యాయం కూడా కాదు. ఆ నాలుగు నెలల పనిని ముందుకు జరిపి, చలికాలంలోనే కుప్ప పోయించి, ఆ కిరాయి అప్పుడే ఇవ్వాలి. గని ఆదాయం నుంచి 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ట్రస్టుకు డబ్బు చేరుతోంది. పర్యావరణ పరిరక్షణ ఆ నిధికి ప్రాధాన్య రంగాల్లో ఒకటి. కుప్ప పోసే జాగా చదును చేయడానికి, తవ్విన గుంత అంచులు వాలు చేయడానికి ఆ పైసలు అడగవచ్చు.

గుంత అంచుల గురించి ఒక మాట. పిల్లలు, పశువులు పడకుండా అంచులన్నీ వాలుగా చేయాలి. కానీ బాటకు దూరంగా ఉన్న ఒక్క గోడను నిలువుగానే ఉంచి, పైన తుమ్మ కంప వేస్తే, పసరిక పిట్టలు ఏటా అక్కడికే వస్తాయి. ఇక పెద్ద రోడ్ల కట్టలకు మొరం బదులు థర్మల్ కేంద్రాల బూడిద వాడే వీలుంది. 300 కిలోమీటర్ల లోపు ఉన్న రోడ్డు పనులకు ఆ బూడిద వాడాలని కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి. రామగుండం థర్మల్ కేంద్రం మనకు ఆ దూరంలోనే ఉంది. వాగు ఇసుకకు బదులు రాతి ఇసుక వాడమనే సలహా మీద మాత్రం నాకు తొందర లేదు. ఆ రాయి కూడా ఏదో ఒక గుట్ట నుంచే రావాలి.

చివరగా, మీరు చేయగలిగింది ఒకటి ఉంది. 2016 నుంచి ప్రతి జిల్లాకూ ఖనిజాల సర్వే నివేదిక ఉండాలన్నది నియమం. దాన్ని ఐదేళ్లకోసారి మార్చి రాయాలి. ముసాయిదాను జిల్లా వెబ్‌సైటులో పెట్టి 21 రోజులు జనం అభిప్రాయాలు తీసుకోవాలి. చిన్న లీజులకు విడిగా ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు కాబట్టి, మన మాట వినిపించే చోటు అదే. ముసాయిదా ఎప్పుడు పెడతారో నిజామాబాద్‌లో గనుల శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. ఈ లోపల మీ ఊరి గుట్ట మీద ఏ నెలలో ఏ పిట్ట గుడ్లు పెట్టిందో మేకల కాపరిని, ట్రాక్టరు డ్రైవరును అడిగి రాసిపెట్టుకోండి. తెలుగులోనే, చేతిరాతతోనే ఇవ్వవచ్చు. గుట్టకు పేరు లేకపోతే సర్వే నంబరు వేయండి.